వరద తీసిన తర్వాత వచ్చే బేరం: కొత్తపేట ఇళ్ళ చరిత్ర మీద కొన్ని ఆలోచనలు

1

నీటి బీభత్సాన్ని మన రచయితలు పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఎంతోమంది కవుల చేత కలం పట్టించింది. హైదరాబాదులో 1908లో మూసీ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని ప్రాణాలతో బయటపడిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ, ఆ రాత్రిని ‘ఖయామతె సొగ్రా’ అన్న కవితగా రాశాడు. చిన్న ప్రళయం అని ఆ పేరుకు అర్థం.

అయితే ఈ సాహిత్యంలో ఒక ఖాళీ ఉంది. నీళ్ళు రావడాన్ని మనం రాశాం. మనుషులు కొట్టుకుపోవడాన్ని రాశాం. మిగిలినవాళ్ళ దుఃఖాన్నీ, ఒకరికొకరు అన్నం పెట్టుకున్న మంచితనాన్నీ రాశాం. నీళ్ళు తీసిన మూడోవారంలో, గోడల తడి ఇంకా ఆరకముందే, చేతిసంచీలో స్టాంపు కాగితం పెట్టుకుని గుమ్మం ముందుకొచ్చే మనిషిని మాత్రం రాయలేదు. వరద ప్రకృతిలో జరిగే ఘటన. వరద తర్వాత ఇంటికి పలికే ధర సమాజంలో జరిగే ఘటన. మొదటిదానికి కారణం ఆకాశంలో వెతకవచ్చు. రెండోదానికి కారణం చరిత్రలోనే వెతకాలి. ఈ వ్యాసం ఆ వెతుకులాట కోసమే.

నేను కొత్తపేటలో ఉంటాను. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య విజయవాడ రోడ్డు మీద ఉన్న పేట ఇది. ఉత్తరాన మూసీ, దక్షిణాన సరూర్‌నగర్ చెరువు. ఆ రెండింటినీ కలిపే నాలా మా బస్తీల మధ్య నుంచే పోతుంది. కనుక ఈ విషయం నాకు పుస్తకాల్లో దొరికినంతా మా వీధిలోనూ దొరికింది. కాని వీధిలో కనిపించేది అర్థం కావాలంటే ముందు నూరేళ్ళు వెనక్కి పోవాలి.

2

1908 సెప్టెంబరు 28. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలన. మూసీ పరీవాహక ప్రాంతంలో రెండు రోజులు ఎడతెగని వాన. శంషాబాదులో 24 గంటల్లో సుమారు 13 అంగుళాలు, 48 గంటల్లో దాదాపు 19 అంగుళాలు కురిసిందని తర్వాత విచారణ జరిపిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య నమోదు చేశాడు. నగరానికి ఎగువన ఉన్న చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగాయి. ఒక చెరువు తెగితే దాని నీరు కింది చెరువు మీద పడి దాన్నీ తెంపుతుంది. గొలుసుకట్టు చెరువులు తెగేటప్పుడు కూడా గొలుసుగానే తెగుతాయి. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి, పురానాపూల్ నిలిచింది. పదిహేను వేల మంది దాకా మరణించారనీ, పందొమ్మిది వేల ఇళ్ళు కూలాయనీ, ఎనభై వేల మంది నిలువనీడ కోల్పోయారనీ అంచనాలు. అఫ్జల్‌గంజ్ తోటలో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది బతికారు. ఆ చెట్టు కథ మనందరికీ తెలుసు.

చెట్టు కథ తెలిసినంతగా ఆ ఒడ్డు భూమి కథ తెలియదు. మనకు ముఖ్యమైనది అదే. వేల ఇళ్ళు కూలిన ఆ స్థలం ఏమయింది?

విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం 1909లో పిలిపించింది. ఆయన సలహాలు రెండు తెగలు. ఒకటి, ఎగువన నీటిని పట్టి నిలిపే జలాశయాలు కట్టడం. ఆ ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. రెండోది, నగరంలో నది ఒడ్డును శుభ్రం చేసి గట్లు ఎత్తి తోటలుగా, విహార స్థలాలుగా మార్చడం. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ పని చేపట్టింది. 1920 నాటికి హైకోర్టు, తర్వాత సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి ఆ ఒడ్డునే వెలిశాయి.

ఇది రాచరికపు ప్రభుత్వం చేసిన పని. దాన్ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. ఒడ్డున గుడిసెలు వేసుకుని బతికిన పేదలను అడిగి ఎవరూ తోటలు వేయలేదు. బస్తీలు తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, కొత్త ఇళ్ళ వరుసలు కట్టడం అన్నీ పైనుంచి జరిగినవే. అయినా ఒక వాస్తవాన్ని గుర్తించాలి: వరద ఖాళీ చేసిన ఆ ఒడ్డులో పెద్దభాగం ప్రభుత్వం చేతికి వచ్చింది, సర్కారు భవనంగానో తోటగానో మిగిలింది, మళ్ళీ ముక్కలై బజారుకు పోలేదు. 1908 వరద సృష్టించిన ‘చవక భూమి’ని దళారి కొనలేదు, రాజ్యం తీసుకుంది. నూరేళ్ళ తర్వాత అదే నది, అదే నగరంలో ఈ క్రమం ఎందుకు తలకిందులయింది అన్నదే మన ప్రశ్న.

3

జలాశయాలు కట్టిన తర్వాత నగరానికి ఒక ధైర్యం వచ్చింది. మూసీ ఇక రాదు అన్న ధైర్యం. ఈ ధైర్యమే దిగువన నది ఒడ్డును ఇళ్ళ స్థలంగా మార్చిందని నా అభిప్రాయం. అయితే రెండు జలాశయాలూ నగరానికి పడమర నుంచి వచ్చే నీటినే ఆపగలవు. తూర్పున మీర్‌పేట, సరూర్‌నగర్, బండ్లగూడ, నాగోలు చెరువుల నీరు వాటితో సంబంధం లేకుండా తన దారిన తాను మూసీలో కలుస్తుంది. పడమటి నీటికి కట్టిన కట్టను చూసుకుని తూర్పు నీటి దారిలో ఇళ్ళు కట్టుకున్నారు. కొత్తపేట చరిత్రలో మొదటి వైరుధ్యం ఇది.

రెండోది భూమి యాజమాన్యానికి సంబంధించినది. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా నిజాం సొంత ఆస్తి, సర్ఫేఖాస్. సరూర్‌నగర్ ప్యాలెస్‌ను ఆరో నిజాం అనాథ బాలల వసతికి ఇచ్చాడు; విక్టోరియా మెమోరియల్ అన్న పేరు నేటికీ మా పేట మెట్రో స్టేషనుకు ఉంది. 1949లో సర్ఫేఖాస్ దివానీలో కలిసింది. అదే సంవత్సరం జాగీర్లు రద్దయ్యాయి. చట్టంలో భూమి స్వభావం మారింది. ఒక ప్రభువు చేతిలో మొత్తంగా ఉన్నది ఇక సర్వే నంబర్లుగా, పట్టాలుగా, ఆఖరికి చదరపు గజాలుగా విడిపోవడానికి సిద్ధమయింది. దిల్‌సుఖ్ రాం పర్షాద్ అనే ఆయన తన వ్యవసాయ భూమిని ప్లాట్లుగా చేసి అమ్మిన చోటు దిల్‌సుఖ్‌నగర్ అయింది. పొలం యజమాని పేరే కాలనీ పేరయిన ఈ ఉదాహరణ మొత్తం తూర్పు హైదరాబాదు చరిత్రకు సూచిక. పొలం ఎకరాల్లో కొలిచే వస్తువు. పంట దాని విలువ. ప్లాటు గజాల్లో కొలిచే వస్తువు. దాని విలువ రేపు ఎవరో ఇస్తారనుకునే ధర.

ఆ గజాలు కొన్నదెవరు? నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచీ, కృష్ణా గుంటూరుల నుంచీ ఈ రోడ్డు వెంట వచ్చినవాళ్ళు. బడిపంతుళ్ళు, ఆర్టీసీ కార్మికులు, గుమాస్తాలు, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మీద బతికిన చిన్న వ్యాపారులు, ఊళ్ళో రెండెకరాలు అమ్ముకుని పిల్లల చదువు కోసం వచ్చిన రైతులు. వాళ్ళకు దొరికింది మెరక కాదు. మెరక ధర మెరకదే. పల్లం చవక. పల్లం ఎందుకు చవకో అమ్మినవాడు చెప్పలేదు. కొన్నవాడికి వేరే గతి లేదు.

ఇక మూడో వైరుధ్యం, కాగితం. 1976లో పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. హైదరాబాదులో ఒకరు ఉంచుకోగల ఖాళీ స్థలానికి 1000 చదరపు మీటర్ల హద్దు పెట్టింది. చట్టం ఉద్దేశం భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడకుండా చూడడం. ఆచరణలో జరిగింది వేరు. మిగులు భూమిని ప్రభుత్వానికి అప్పజెప్పే బదులు కొందరు యజమానులు నోటరీ కాగితాల మీదా, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీల మీదా ముక్కలుగా అమ్మేశారు. అమ్మినవాడి చేతికి డబ్బు వచ్చింది. చట్టం దృష్టిలో మిగులు భూమి మిగులుగానే ఉంది. కొన్న గుమాస్తా ఇల్లు కట్టుకుని పన్ను కట్టి కరెంటు బిల్లు కట్టి ముప్పై ఏళ్ళు ఉన్నా హక్కు అనుమానంగానే ఉండిపోయింది. 2008లో ఆ చట్టం రద్దును రాష్ట్రం ఆమోదించింది. 2022 అక్టోబరులో జీవో 118 కింద ఎల్బీనగర్, పరిసర కాలనీల్లో ఇటువంటి ప్లాట్లను గజానికి 250 రూపాయల చొప్పున క్రమబద్ధీకరించేందుకు ప్రభుత్వం ముందుకొచ్చింది. నలభై ఏళ్ళకు పైగా ఒక పేట జనమంతా అనుమానపు కాగితం మీద కాపురం చేశారన్నమాట.

పల్లెల్లో తెల్లకాగితం మీద జరిగిన భూమి అమ్మకాన్ని తెలంగాణలో సాదాబైనామా అంటారు. నగరంలో దానికి నోటరీ ముద్ర తోడయింది, అంతే. 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో జీపీఏ మీద జరిగే అమ్మకం హక్కును బదిలీ చేయదని స్పష్టంగా చెప్పింది. కాని అప్పటికే కాగితం చేతులు మారే అలవాటు ఈ పేటకు బాగా ఒంటబట్టింది. ఇల్లు కొనకుండా, ఇంటి మీది కాగితాన్ని కొని అమ్మే వృత్తి ఒకటి రూపుదిద్దుకుంది.

4

ఆ వృత్తి ఏమిటో కొంచెం వివరంగా చూద్దాం. అమెరికాలో దీన్ని హోల్‌సేలింగ్ అంటారు. మన దగ్గర దీనికి గంభీరమైన పేరేమీ లేదు. ‘అగ్రిమెంటు మీద అమ్ముకున్నాడు’ అంటారు. కొందరు మారుబేరం అంటారు.

పద్ధతి ఇది. అమ్మదలచుకున్న ఇంటాయన దగ్గరికి ఒక మనిషి వస్తాడు. బేరం కుదుర్చుకుని కొంత బయానా ఇస్తాడు. రెండు మూడు నెలల గడువుతో అమ్మకపు ఒప్పందం రాయించుకుంటాడు. ఆ ఒప్పందంలో ఒక చిన్న వాక్యం ఉంటుంది: గడువులోగా మిగతా సొమ్ము ముట్టినప్పుడు మీ పేరనో, మీరు చెప్పినవారి పేరనో రిజిస్టరు చేసి ఇస్తాను అని. రచయితలమైన మనం మాటల మనుషులం గదా. ఆ ‘మీరు చెప్పినవారి పేర’ అన్న మూడు మాటల మీద దృష్టి పెట్టండి. ఆ మూడు మాటల్లో ఈ వృత్తి మొత్తం ఉంది. గడువు ముగిసేలోగా వచ్చిన మనిషి మరొక కొనుగోలుదారును వెతుకుతాడు, ఎక్కువ ధర చెబుతాడు. రిజిస్ట్రేషన్ నేరుగా ఇంటాయనకూ కొత్త కొనుగోలుదారుకూ మధ్య జరుగుతుంది. నడుమ ఉన్నవాడి పేరు ఏ దస్తావేజులోనూ కనిపించదు. తేడా మాత్రం అతని జేబులో ఉంటుంది.

ఒక లెక్క వేసుకుందాం. ఇవి ఊహించుకున్న అంకెలే, కాని పద్ధతి తేలుతుంది. వరదకు ముందు 80 లక్షలు పలికే ఇల్లు. నీళ్ళు నిలిచిన తర్వాత ఒకాయన 55 లక్షలకు అడిగి లక్ష రూపాయల బయానా ఇస్తాడు. రెండు నెలల్లో 65 లక్షలకు మరొకరిని చూపిస్తాడు. లక్ష పెట్టుబడి మీద పది లక్షలు. ఇల్లు ఆయన కొనలేదు, బాగు చేయలేదు, ఒక్క రాత్రి అందులో పడుకోలేదు. ఆయన కొన్నది ఏమిటి? యజమాని తొందరను కొన్నాడు. ఆ తొందరకు కారణం నీళ్ళు.

ఆ నీళ్ళ గురించి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసి నగరపు లోతట్టు కాలనీలు మునిగాయి. ఇరవై ఏళ్ళ తర్వాత, 2020 అక్టోబరు 13 రాత్రి, వాన మధ్యభాగం తూర్పుకు జరిగింది. ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు. హయత్‌నగర్‌లోనూ దాదాపు అంతే. మా పక్కన సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్, చైతన్యపురి మీదుగా మూసీకి దారి చూసుకుంది. నాగోలు అయ్యప్ప కాలనీ, మీర్‌పేట మిథిలానగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగింది. 1908లో ఎగువన జరిగినదే ఇక్కడ చిన్న ఎత్తున మళ్ళీ జరిగింది: ఒక చెరువు నీరు ఇంకో చెరువు మీద. ఈసారి రెండు చెరువుల మధ్య పొలాలు లేవు, ఇళ్ళున్నాయి.

ప్రభుత్వం కుటుంబానికి 10 వేల రూపాయలు, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, కొంత దెబ్బతిన్న ఇంటికి 50 వేలు ప్రకటించింది. పంపిణీలో చేతివాటం మీద పత్రికల్లో ఆరోపణలు వచ్చాయి. ఆ సంగతి అలా ఉంచినా, మునిగిన ఇంట్లో ఒక్క ఫ్రిజ్జు, ఒక మోటారు, పరుపులు, పిల్లల పుస్తకాలు మళ్ళీ కొనడానికి పదివేలు ఏ మూలకు? మధ్యతరగతి ఇంటికి బీమా ఉండడం అరుదు. అప్పుల కంతులు మాత్రం వరద వచ్చిందని ఆగవు. పైగా అది కరోనా సంవత్సరం. ఎంతోమంది జీతాలు అప్పటికే సగమయ్యాయి.

నాలా వైపు మా సందులో ఒక ముసలమ్మ ఇల్లు నడుము లోతు మునిగింది. ఆమె కొడుకు దూరదేశంలో ఉంటాడు. గోడల మీద నీటి గీత ఇంకా స్పష్టంగా ఉండగానే ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు, ఆమె మంచినీళ్ళిస్తే తాగి, మంచం అంచున కూర్చున్నాడు. “నలభై దినాలు టైమియ్యి పెద్దమ్మా, పైసలు తెచ్చి నీ చేతుల పెడ్త” అన్నాడు. “ఎవరి పేర రాయాలె బిడ్డా?” అని ఆమె అడిగింది. “నేను చెప్పినోళ్ళ పేర” అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. ఒప్పందంలో రాసి ఉన్నదే అతను చెప్పాడు. ఆమెకు తెలియనిది ఆ మాటకు ఖరీదెంత అన్నదొక్కటే.

ఆమె ఆ ఇల్లు అమ్మింది. రిజిస్ట్రేషన్ రోజు మొదటిసారి చూసిన ఒక యువ దంపతుల పేర సంతకం పెట్టింది. అప్పటికి గోడలకు కొత్త సున్నం వేశారు.

5

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. నిజాయితీగా దాన్ని ఎదుర్కోవాలి. ఆ మనిషి రాకపోతే ఆ ముసలమ్మ ఏం చేసేది? బ్యాంకు అప్పుతో కొనేవాళ్ళు మునిగిన ఇంటి వైపు చూడరు. చూసినా నెలల తరబడి తిప్పుతారు. డబ్బు వెంటనే కావలసినవాడికి వెంటనే వచ్చే మనిషి ఒక ఉపయోగమే గదా? అవును, ఉపయోగమే. వడ్డీ వ్యాపారి కూడా ఉపయోగపడతాడు. అందుకే ఊరు అతన్ని పూర్తిగా వదులుకోలేకపోయింది. పైగా ఈ దళారుల్లో చాలామంది పెద్ద పెట్టుబడిదారులు కారు. ఇదే పేటలో తండ్రుల పొలాలు ప్లాట్లయిపోగా, భూమి చేజారి భూమి భాష మాత్రం మిగిలినవాళ్ళు. సర్వే నంబర్లు కంఠతా వచ్చినవాళ్ళు. వాళ్ళను దుర్మార్గులుగా చిత్రించి ఊరుకుంటే మన కథ తేలికైపోతుంది, వ్యవస్థ తప్పించుకుంటుంది.

ప్రశ్న మనిషి గుణం గురించి కాదు, తెలివిడి పంపకం గురించి. ఎవరికి ఏం తెలుసు, ఎవరికి తెలియదు, తెలియనందుకు మూల్యం ఎవరు చెల్లించారు?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఈ విషయంలో ఆసక్తికరమైన పాఠం. దాని 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం తనంత తాను ఆస్తిలో ఏ హక్కునూ కలిగించదు. అంటే మన దళారి చేతిలో ఉన్నది చట్టం దృష్టిలో ఇల్లు కాదు, ఒక మాట. 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో ఉంటే అమ్మేవాడు దాన్ని చెప్పి తీరాలి. కొనేవాడికీ ఒక బాధ్యత ఉంది: అమ్మేవాడి హక్కు స్వభావం గురించి ఆమెకు తెలియని, దాని విలువను పెంచే సంగతి తనకు తెలిస్తే చెప్పాలి. కాని అది హక్కుకు సంబంధించిన బాధ్యత, ధరకు సంబంధించినది కాదు. పక్క వీధిలో ఎంత పలుకుతోందో, రెండు నెలల్లో ఎవరు ఎంతకు కొనబోతున్నారో చెప్పమని చట్టం అడగదు.

ఇప్పుడు మా సందులో జరిగిన బేరానికి దీన్ని అన్వయించండి. నీళ్ళు వచ్చిన సంగతి చెప్పవలసిన బాధ్యత దస్తావేజు ప్రకారం ఎవరిది? అమ్మిన ముసలమ్మది. కాని ఆమె ఆ యువ దంపతులతో ఎన్నడూ మాట్లాడలేదు. వాళ్ళతో మాట్లాడిందీ, ఇల్లు చూపించిందీ నడిమి మనిషి. అతనికి బాధ్యత లేదు, ఎందుకంటే దస్తావేజులో అతను లేడు. లాభం ఒకరిది, సంతకం ఇంకొకరిది, రేపటి వరద మూడో వారిది. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ఏజెంట్లు నమోదు కావాలంటుంది. కాని అది కొత్తగా కట్టే, నమోదైన ప్రాజెక్టుల అమ్మకాల కోసం. పాత ఇల్లు, పాత యజమాని, పాత నాలా దాని చూపుకు బయట ఉన్నాయి.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. అమెరికాలో 2005లో కత్రినా తుపాను న్యూఆర్లియన్స్ నగరాన్ని ముంచింది. ఇళ్ళు తిరిగి కట్టుకోవడానికి ‘రోడ్ హోమ్’ పథకం కింద ఇచ్చిన సాయాన్ని తుపానుకు ముందటి ఇంటి ధరకు ముడిపెట్టారు. నల్లజాతివారి పేటల్లో ఇళ్ళ ధరలు ఎప్పుడూ తక్కువే కనుక వాళ్ళకు వచ్చిన సాయమూ తక్కువయింది, గోడ కట్టడానికయ్యే ఖర్చు అందరికీ ఒకటే అయినా. దానిపై 2008లో దావా పడింది, 2011లో రాజీ కుదిరింది. 2017లో హార్వీ తుపాను తర్వాత హ్యూస్టన్‌లో తడిసిన ఇళ్ళను రొక్కానికి కొంటామంటూ పెట్టుబడిదారులు వీధివీధినా తిరిగారు. ఒప్పందం కాగితాన్ని అమ్ముకునే ఈ వృత్తిని అదుపు చేస్తూ ఇలినాయ్ రాష్ట్రం 2019లోనూ, ఓక్లహోమా 2021లోనూ చట్టాలు తెచ్చాయి. అంటే అక్కడ కనీసం ఆ నడిమి మనిషికి ఒక పేరు పెట్టారు, అతను ఉన్నాడని ఒప్పుకున్నారు. మన చట్టానికి అతను ఇప్పటికీ అదృశ్యుడు.

6

వరద లేకుండా కూడా వరద ధర రావచ్చునని 2024 నిరూపించింది. ఆ ఏడు జులైలో చెరువుల, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా ఏర్పడింది. సెప్టెంబరులో మూసీ నదీతీర అభివృద్ధి పథకం కోసం సర్వే జరుపుతూ అధికారులు ఒడ్డు ఇళ్ళ మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. చాదర్‌ఘాట్ బస్తీల నుంచి చైతన్యపురి, కొత్తపేట కాలనీల దాకా ఆ అక్షరాలు పడ్డాయి. కొన్ని కుటుంబాలు డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలాయి. మా వైపు జనం రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇంటిపన్ను రసీదులు చేత పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. నది ఊపిరి పీల్చుకోవాలన్నది నిజం; నదికి హద్దు నుంచి నగరంలో 50 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నియమాలు చెబుతున్నాయి. కాని ఆ ఇంటికి స్టాంపు డ్యూటీ తీసుకున్నదీ, నంబరు వేసినదీ, నల్లా ఇచ్చినదీ కూడా ప్రభుత్వమే గదా? ఒక చేత్తో ముద్ర వేసి ఇంకో చేత్తో రంగు పూస్తే నడుమ నలిగేది ఆ గుమ్మంలో ఉన్నవాడే.

ఎర్ర అక్షరం పడిన ఇంటికి ఆ క్షణమే ధర పడిపోయింది. గీత ఎటు వైపు నుంచి పోతుందో, ఏ ఇల్లు ఉంటుందో ఏది పోతుందో ముందుగా తెలిసినవాడికి ఆ పడిపోయిన ధరే పెట్టుబడి. 1908 తర్వాత రాజ్యం ఒడ్డును తీసుకుని తన చేతిలో ఉంచుకుంది. 2024లో రాజ్యం గీత గీసి, ఆ గీత ఖరారయ్యేదాకా జనాన్ని బజారులో నిలబెట్టింది. ఈ రెండింటి మధ్య తేడాలో నూరేళ్ళ భూమి చరిత్ర మొత్తం కనిపిస్తుంది: భూమి ముందు ప్రభువు సొత్తు, తర్వాత రైతు పొలం, తర్వాత గుమాస్తా గజాలు, ఇప్పుడు ఇంకా ఎవరిదీ కాని ఒక కాగితం మీది అంచనా.

2025 సెప్టెంబరు చివర ఎగువ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. మూసారాంబాగ్ వంతెన మునిగింది. మూసీ ఇక రాదన్న పాత ధైర్యం ఆ రాత్రి బస్టాండులో చిక్కుకున్న ప్రయాణికుల దగ్గర మిగిలి ఉండదు. వరద వస్తుంది. దాని వెనక బేరం కూడా వస్తుంది.

7

సాహిత్య విద్యార్థులకు ఇదంతా ఎందుకు అని అడగవచ్చు. భూమి కాగితం మన సాహిత్యానికి కొత్త వస్తువేమీ కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో కోర్టు వ్యవహారాలు, దొంగ సాక్ష్యాలు నాటకపు నరాల్లో ఉన్నాయి. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో చట్టం భాష పేదవాడి మీద ఎలా పనిచేస్తుందో చూపించాడు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో ఒక అప్పు, దాని లెక్క, ఆ లెక్కను న్యాయంగా తేల్చే పెద్దమనుషుల పంచాయితీ మొత్తం కథను మోశాయి. అక్కడ ఎవరూ అన్యాయంగా మాట్లాడరు. న్యాయంగా మాట్లాడుతూనే ఒక కుటుంబాన్ని పాలేరుతనంలోకి దించుతారు. ‘యజ్ఞం’ గొప్పతనం ఆ లెక్కను దాటవేయకపోవడంలో ఉంది. పాఠకుడి చేత కూడా కూడికలూ తీసివేతలూ చేయించడంలో ఉంది.

నగరానికి వచ్చేసరికి మనం ఆ అలవాటు పోగొట్టుకున్నాం. మన నగర కథల్లో ఇరుకు గదులున్నాయి, ఒంటరితనం ఉంది, ఊరి మీద బెంగ ఉంది. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ లేదు. లింకు డాక్యుమెంటు లేదు. చెరువు పూర్తి నీటిమట్టం గీత ఎవరింటి వంటగదిలోంచి పోతోందో లేదు. ఇవి నీరసమైన విషయాలని రచయిత అనుకుంటాడు. కాని ఒక ముసలమ్మ నలభై ఏళ్ళ కాపురం మూడు మాటల వాక్యంలోంచి జారిపోయింది. వాక్యాలు మన వృత్తి. ఆ వాక్యాన్ని మనకంటె బాగా చదవగలిగినవాడు దళారి ఒక్కడే అయితే, మన చదువుకు అర్థం ఏమిటి?

అందుచేత యువరచయితలకు నేను చేయగల సూచనలు చాలా మామూలువి. మీ వీధిలో అమ్ముడుపోయిన ఇంటి ఒప్పందం దొరికితే చదవండి. అందులో ఎవరి పేరుందో, ఎవరి పేరు లేదో చూడండి. మీ కాలనీ పేరు వెనక ఏ పొలం, ఏ కుంట, ఏ శిఖం భూమి ఉందో పాతవాళ్ళను అడగండి. 2020లో మీ గోడ మీద నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో తేదీతో సహా రాసిపెట్టండి. అది సాహిత్యం కాదని ఎవరైనా అంటే అననివ్వండి. రేపు ఆ ఇల్లు కొనేవాడికి ఆ ఒక్క వాక్యం ఎవరూ చెప్పరు.

అమ్మకపు దస్తావేజులో ఇంటి నాలుగు హద్దులు రాసినట్టే, ఆ ఇంట్లో ఎప్పుడు ఎంత ఎత్తున నీళ్ళు నిలిచాయో కూడా రాయాలన్న నిబంధన ఉండాలని నా అభిప్రాయం. నడిమి మనిషి కూడా సాక్షిగానైనా ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. ఇది విప్లవం కాదు, చిన్న కోరికే. అయినా ఇంటివాళ్ళ సంఘాలు, వకీళ్ళు, రచయితలు కలిసి అడిగితే తప్ప వచ్చేది కాదు. ఆ ముసలమ్మ ఇంట్లో ఇప్పుడున్న యువ దంపతులకు ఒక పాప పుట్టింది. కిందటి వానాకాలం నాలా పొంగినప్పుడు వాళ్ళు వీధిలోకి వచ్చి, ఇక్కడ నీళ్ళెప్పుడైనా ఇంత ఎత్తుకు వచ్చాయా అని నన్ను అడిగారు. వచ్చాయని చెప్పాను. ఎంత ఎత్తుకో చేత్తో చూపించాను.